స్పాంజి కడిగిన కోడలు

మంగళవారం ఉదయం ఆరుంపావుకు తొట్టిలో రెండు చేపలు చచ్చి తేలాయి. సోమవారం సాయంత్రం దాకా పన్నెండు. ఇప్పుడు పది.

కోడలు వాటిని జాలీతో తీసి, కాగితంలో చుట్టి, చెత్తబుట్ట అడుగున పెట్టింది. మిగిలినవాటిని లెక్కపెట్టింది. వేలి గణుపంత చేపలు, ఒంటిమీద నీలం గీత, దాని కింద ఎరుపు. ఒకచోట నిలవవు కాబట్టి మూడుసార్లు లెక్కపెట్టాల్సి వచ్చింది. పదే.

అవి మామగారివి. గడియారాలు బాగుచేసే కొట్టు మూసేశాక ఆయన గుడ్ల నుంచి పెంచినవి. ఆ జాతి గుడ్లు ఇంట్లో పిల్లలయ్యేది అరుదు. నాలుగేళ్ళలో ఆయనకు ఒక్కసారే అయ్యాయి.

శనివారం ఆయన కుడికంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది. పదిహేను రోజులు వంగకూడదు, నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు. ఆ కంటికి వాపు తగ్గలేదు, ఎడమకంట్లో ఇంకో శుక్లం ఉంది. తొట్టి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నా ఆయనకు కనిపించేది దీపం వెలుగే. ఆ తొట్టిమీద ఆయన ఎవరి చెయ్యీ పడనివ్వరు. కొడుకు ఒకసారి మూత తీస్తే రెండు రోజులు మాట్లాడలేదు. అలాంటి మనిషి కోడలిని పిలిచి, "అమ్మాయ్, ఈ పదిహేను రోజులూ పూచీ నీదే. నువ్వయితే చెప్పింది చెప్పినట్టు చేస్తావు" అన్నారు.

ఆమె చేసింది. అక్షరం పొల్లుపోలేదు. పొద్దున్నే చిటికెడు మేత, రెండు నిమిషాల్లో తినేంత. వేడి ఇరవయ్యారు డిగ్రీలు. ఆదివారం పావువంతు నీళ్ళు తీసి, ఒక రోజు బకెట్లో నిలవుంచిన కుళాయి నీళ్ళు పోయడం. గాలి మోటారుకు తగిలించిన స్పాంజిని కడగడం. నాలుగూ కాగితంమీద రాసుకుంది, నాలుగింటికీ టిక్కు పెట్టింది. మరి ఎందుకు చచ్చాయి?

"మేత ఎక్కువై ఉంటుంది," అన్నాడు భర్త గడ్డం గీసుకుంటూ. చెప్పులు వేసుకుంటూ, "తక్కువై కూడా ఉండొచ్చు" అన్నాడు.

"రెంటిలో ఏదో ఒకటి చెప్పండి."

"ఏది చెప్పినా నేను చెప్పానని మాత్రం నాన్నతో అనకు."

ఆమె ఆసుపత్రిలో ఆపరేషన్ పనిముట్లు శుద్ధిచేసే గదిలో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ఆ గదిలో ఏ తేడా వచ్చినా కారణం ఒకటే, ఎక్కడో మురికి మిగిలింది. డ్యూటీకి వెళ్ళేముందు స్పాంజిని ఇంకోసారి కడిగింది.

సాయంత్రం మామగారు అడిగారు. "ఎన్నున్నాయమ్మాయ్?"

"పన్నెండు మామయ్యా."

నోరు జారాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

బుధవారం ఉదయానికి ఇంకో మూడు పోయాయి. బతికినవి పైకి చేరి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళు చూస్తే అద్దం. అడుగున గులకరాళ్ళు ఎంచొచ్చు. ఇంత శుభ్రంలో ఎలా చస్తున్నాయో ఆమెకు బుర్రకెక్కలేదు. సీసాలో ఆ నీళ్ళు పట్టుకుని చేపల కొట్టుకు వెళ్ళింది.

కొట్టతను గాజుగొట్టంలో నీళ్ళు పోసి మందు చుక్కలు వేశాడు. ఆకుపచ్చకు తిరిగాయి.

"పసుపుగా ఉంటే బతుకుతాయి మేడమ్. ఇది విషం. వాటి ఉచ్చలో అవే మునుగుతున్నాయి. కొత్త తొట్టా?"

"నాలుగేళ్ళది. అద్దంలా శుభ్రంగా ఉంచుతున్నాను."

అతను గొట్టాన్ని వెలుగులో పెట్టి ఇంకోసారి చూశాడు. "నాలుగేళ్ళ తొట్టికి ఇలా రాకూడదే. రెండు రోజులు మేత ఆపండి. రోజూ పావువంతు నీళ్ళు మార్చండి. ఎందుకొచ్చిందంటే మాత్రం నాకూ అంతుపట్టట్లేదు."

సాయంత్రం ఆమె నీళ్ళు మారుస్తుంటే మామగారు కుర్చీలోంచి ముక్కు ఎగబీల్చారు.

"తొట్టి వాసన రావట్లేదేం?"

"రాకూడదు కదా మామయ్యా."

"రావాలి. తడిమట్టి వాసన రావాలి. ఎన్నున్నాయి?"

ఆమె చెంబు కింద పెట్టింది. "ఏడు. నిన్న పన్నెండని అబద్ధం చెప్పాను. అప్పటికే పది."

ఆయన కుర్చీ అంచుకు జరిగారు. తర్వాత ఒక్కొక్కటే అడుగుతూ వచ్చారు. మేత, వేడి, నీళ్ళు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయనకూ తోచలేదు.

"స్పాంజి కడిగావా?"

"రెండుసార్లు కడిగాను."

"ఎలా?"

"కడగడమంటే కడగడమే. మందు నీళ్ళలో అరగంట నానేసి, బ్రష్‌తో రుద్ది, మరిగే నీళ్ళలో వేసి తీసి ఆరబెట్టాను."

"నీ శుభ్రం చల్లగుండ! కడగమంటే జాడించమనమ్మా! తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి పెట్టేయడం!"

"జాడించమంటే జాడించేదాన్ని. మీరు కడగమన్నారు."

"మా కొట్లో చక్రాన్ని పెట్రోల్లో ముంచి తీస్తే కడిగినట్టే."

"మా గదిలో దాన్ని ముంచడం అంటారు మామయ్యా."

ఆయనకు నవ్వు రాలేదు. స్పాంజిలో జిగట ఉంటుందని, అందులో కంటికి కనపడని జీవులుంటాయని, చేపల విషాన్ని అవే తింటాయని చెప్పారు. "వాటిని చంపేశావు."

"అలాంటివాటిని చంపడమే కదా నా ఉద్యోగం," అంది ఆమె. అప్పటికీ ఆమెకు సగమే అర్థమైంది.

గురువారం చేపల కొట్టు తెరిచేసరికి ఆమె గుమ్మంలో ఉంది. "మురికి స్పాంజి కావాలి. ఎంత మురికైతే అంత మంచిది."

"నిన్నేమో అంత శుభ్రంగా ఉంచుతున్నానన్నారు!"

"నిన్నటి మాట నిన్నటిది. ఇవ్వవయ్యా."

జరిగింది విని అతను తన తొట్టిలో ఏడాదిగా నానుతున్న స్పాంజిని, ఆ నీళ్ళతో సహా సంచిలో కట్టి ఇచ్చాడు. "దారిలో ఆరనివ్వకండి. కుళాయి కింద అసలు పెట్టకండి. మీరు చూడబోతే పెట్టేలా ఉన్నారు." పరీక్ష మందు సీసా, గాజుగొట్టం కూడా ఆమె అడిగి తీసుకుంది.

స్పాంజిని తొట్టిలో తగిలించగానే గోధుమరంగు పొగలాంటిది నీళ్ళలోకి వదిలింది. ఆమె చెయ్యి జాలీ మీదకు వెళ్ళింది.

"కదపకు," అన్నారు మామగారు, ఏమీ కనపడకపోయినా.

చేతులు కడుక్కోవాలా వద్దా అని ఆమె సింకు దగ్గర కాసేపు నిలబడింది. కడుక్కుంది. తొట్టికి దూరంగా.

శుక్రవారం ఇంకొకటి పోయింది. ఆయన అడగకముందే చెప్పింది. శనివారం చేపలు పైనుంచి దిగి మధ్యకు వచ్చాయి. ఆదివారం గొట్టంలో లేత ఆకుపచ్చ. సోమవారం చూస్తే పసుపో ఆకుపచ్చో తేలలేదు. కిటికీ దగ్గర ఒకలా, దీపం కింద ఇంకోలా ఉంది. భర్త పసుపన్నాడు, తర్వాత కాదేమో అన్నాడు.

మంగళవారం ఉదయం ఏడుంపావుకు పసుపు వచ్చింది. కిటికీ దగ్గరా దీపం కిందా ఒకటే రంగు. మామగారి కుడికన్ను వాపు తగ్గింది. ఆయన కుర్చీని గాజుకు ఆనేంత దగ్గరగా జరుపుకుని, వంగకుండా, వేలు తాకించకుండా లెక్కపెట్టారు. నాలుగుసార్లు.

ఆరు.