పాలతో పోయే మరక

చిట్కా నిజమో కాదో తేల్చడానికి అక్క దగ్గర ఒకటే పద్ధతి ఉండేది. ఏ పరీక్షకైనా రెండు ముక్కలు కావాలి. ఒకదానికి చిట్కా, రెండోదానికి ఉత్త నీళ్ళు. నీళ్ళతోనే పోయే మరకకి నిమ్మకాయలు దండగ చేసుకోమని జనానికి చెప్పడం ఎందుకని ఆమె వాదన. బడిలో సైన్సు పాఠం చెప్పేటప్పుడూ ఇదే మాట, వంటింట్లోనూ ఇదే మాట.

ఆ వంటింటి కిటికీ గట్టు మీద ఎప్పుడూ ఏవో సాసర్లు వరసగా ఉండేవి. ఒకదాంట్లో వంటసోడాలో నానుతున్న చెంచా, పక్కదాంట్లో ఉత్త నీళ్ళలో నానుతున్న దాని జత చెంచా. ఆమె భర్త పొద్దున్నే టీ కప్పు అందుకుని, అది తాగేదో పరీక్షలోదో వాసన చూసుకుంటేగానీ నోట పెట్టుకునేవాడు కాదు.

ఇదంతా చెల్లెలి కోసం. చెల్లెలూ ఆమె భర్తా కలిసి ఇంటి చిట్కాల వీడియోలు చేస్తారు. మరిది పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో కెమెరా తెచ్చి సొంత వంటింట్లో నిలబెట్టాడు. చెల్లెలిది తియ్యటి మాట. గిన్నె మూత తీసినా ఏదో రహస్యం విప్పుతున్నట్టు ఉంటుంది. ప్రతి వీడియో చివరా ఒకే మాట చెబుతుంది: "మా అక్క సైన్సు టీచరండీ. తను పరీక్ష చేసి అవునంటేనే మీకు చెబుతాను."

మొదట్లో రెండు మూడు వీడియోలు చూసి, ఆ మాట విని, కాస్త సిగ్గూ కాస్త గర్వమూ పడి అక్క ఊరుకుంది. తర్వాత చూడలేదు. తన కళ్ళముందే జరిగినదాన్ని మళ్ళీ ఫోన్లో చూడటం దేనికి? ఆదివారాలు ఫలితాలు చెప్పడంతో తన పని అయిపోయేది.

"ఏం తేలింది ఇన్‌స్పెక్టరమ్మా?" అని అడిగేది చెల్లెలు.

"అరటితొక్కతో బూట్లు మెరిశాయి."

"హమ్మయ్య! ఒక్కటన్నా ఒప్పుకున్నావు."

"కాసేపే. తరవాత చీమలొచ్చాయి."

"చీమల సంగతి చెప్పకపోతే కొంపలు మునుగుతాయా?"

"బూట్లలో కాళ్ళు పెట్టేవాళ్ళని అడుగు."

చెల్లెలు పడీపడీ నవ్వేది. వెనకనుంచి మరిది, "వదిన గారిని కాస్త దయ చూపించమను" అని కేకేసేవాడు.

అమ్మ పోయాక కూడా ఈ ఫోన్లు ఆగలేదు. నిజానికి అప్పుడే ఎక్కువయ్యాయి. అమ్మ గురించి మాట్లాడలేనప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ చీమల గురించీ తుప్పు గురించీ మాట్లాడుకునేవాళ్ళు.

అమ్మ వస్తువుల్లో ఇద్దరూ కావాలనుకున్నది ఒక్కటే. మీగడ రంగు ఉన్ని శాలువా. చివరి రోజుల్లో అమ్మ దాన్ని వదల్లేదు. ఒక మూల పురుగు కొట్టిన చోట సన్నని రఫ్ఫు కుట్టు, అమ్మ చేత్తో వేసుకున్నది. మోకాళ్ళకి రాసుకునే మందు వాసన, ఆవిడ సబ్బు వాసన, వాటి అడుగున మాటకందని ఇంకో వాసన అందులో ఉండిపోయాయి. అలమార తలుపు తెరిచి నిలబడి ఇద్దరూ దాన్ని చెరో కొసా పట్టుకున్నారు. వదిలింది అక్కే.

"చిన్నదానివి, ముందు నువ్వుంచుకో. ఆరు నెలలు నీ దగ్గర, ఆరు నెలలు నా దగ్గర. ఉతకొద్దు, ఎండలో వెయ్యొద్దు, కప్పుకోవద్దు. మూతున్న డబ్బాలో పెట్టు" అంది.

"మూత తియ్యొచ్చా?"

"మరీ ఉండలేకపోతే."

అక్క వంతు వచ్చి చాలా రోజులైంది. ఒకసారి అడిగితే చెల్లెలు వచ్చే ఆదివారం తెస్తానంది. ఇంకోసారి అడిగితే ఒంట్లో బాగాలేదంది. తనూ ఇవ్వలేకపోతోందేమోనని అక్క గట్టిగా అడగలేదు. కానీ రాత్రి పడుకునే ముందు, ఆ డబ్బా పెట్టడానికి ఖాళీ చేసి ఉంచిన అలమార అర వైపు ఒకసారి చూసుకోకుండా ఉండలేకపోయేది.

అలా ఉండగా ఒకరోజు లెక్కల మాస్టారు స్టాఫ్ రూములోకి వచ్చి ఆమె ముందు నిలబడి జేబు చూపించాడు. తెల్ల చొక్కా జేబు చుట్టూ అరచేతంత నీలి మచ్చ.

"మీ మీద నమ్మకంతో ఈ చొక్కా బలిచ్చాను టీచర్."

"నేనేం చేశాను మాస్టారూ?"

"సిరా మరకకి పాలు. అరగంట నానబెట్టమన్నారు. రాత్రంతా నానబెట్టాను. మరక అలాగే ఉంది, పాలు మాత్రం విరిగాయి. మా ఆవిడ నన్నూ చొక్కానీ కలిపి బయట ఆరేస్తానంది."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. అక్క కూడా నవ్వబోయి ఆగింది.

"పాలతో సిరా పోదే. పోదనే కదా మా చెల్లెలికి చెప్పాను."

"మీరు అవునన్నారని మీ చెల్లెలు చెప్పారు. కావాలంటే చూడండి." ఆయన ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు.

చెల్లెలి వంటింటి బల్ల. మూల గాజు గ్లాసులో ఒక గులాబీ. బల్ల మీద మీగడ రంగు శాలువా.

"ఇది మా అమ్మదండీ" అంటోంది చెల్లెలు. గొంతు వణుకుతోంది. ఆ వణుకు నటన కాదు, అక్కకి తెలుసు. "అమ్మ లేదు. వాసన మాత్రం ఇంకా ఇందులోనే ఉంది. దీని మీద సిరా ఒలికితే నా ప్రాణం పోయినంత పనైంది." సిరా బుడ్డి దొర్లింది. నీలం రంగు ఉన్నిలోకి పాకింది. తర్వాత పాలగిన్నె, తర్వాత బట్టలారేసే తాడు, తర్వాత అదే బల్ల మీద అదే శాలువా, మచ్చ లేకుండా. కెమెరా దగ్గరికి వెళ్ళి అమ్మ వేసిన రఫ్ఫు చూపించింది. వేరే గుడ్డ కాదని నమ్మించడానికి. చివర ఆ మాట: మా అక్క సైన్సు టీచరండీ.

"ఏమైంది టీచర్? చొక్కా సంగతి వదిలెయ్యండి, ఊరికే అన్నాను" అన్నాడు మాస్టారు.

ఆమె ఫోన్ తిరిగి ఇచ్చేసి, చాక్‌పీసు తీసుకుని క్లాసుకి వెళ్ళింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆమెకి చెల్లెలి మీద కోపం రాలేదు. అనుమానం వచ్చింది తన మీదే. తను పరీక్ష చేసింది నూలు గుడ్డ మీద. ఉన్ని సంగతి వేరేమో. ఉన్ని పీచులో పాలు వేరేగా పనిచేస్తాయేమో. శాలువా శుభ్రంగా ఉంది కదా, రఫ్ఫు కూడా కళ్ళారా చూసింది కదా. కళ్ళకు కనబడుతున్న శాలువా ముందు తన సాసర్లు ఎంత?

తన ఉన్ని మఫ్లరు తెచ్చి కత్తిరించింది. సిరా చుక్కలు వేసింది. ఒక ముక్క చల్లటి పాలలో, ఒకటి గోరువెచ్చటి పాలలో, ఒకటి ఉప్పు కలిపిన పాలలో, ఒకటి ఉత్త నీళ్ళలో వేసింది. భర్త వచ్చి ఖాళీ పాలగిన్నె ఎత్తి చూశాడు.

"ఇవాళ నాకు నల్ల టీయేనా?"

ఆయన మఫ్లరు ముక్కలు చూశాడు.

"ఇది నువ్వు ఎప్పుడో చూశావుగా. పోదన్నావుగా. మళ్ళీ ఎందుకు?"

"తప్పు చేశానేమోనని."

"నువ్వా?"

"తప్పు నాదైతే బావుండును" అంది.

ఆయన టీ నల్లగానే పెట్టుకున్నాడు.

పాల ముక్కలూ నీళ్ళ ముక్కా ఒకేలా ఉన్నాయి. అన్నిట్లోనూ అదే నీలం, కాస్త వెలిసి, కాస్త పాకి. తేడా అల్లా పాలవి కంపు కొట్టడమే. పాలు తెప్పించి మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

అప్పుడు వీడియో తన ఫోన్లో పెట్టుకుని, పిల్లల జవాబు పత్రం దిద్దుతున్నట్టు మొదటినుంచీ చూసింది. సిరా ఒలుకుతున్నప్పుడు గ్లాసులో గులాబీ పూర్తిగా విచ్చుకుని ఉంది, ఒక రేకు రాలి బల్ల మీద పడి ఉంది. పాలలో నాని, ఉతికి, ఆరిన తర్వాత, మచ్చలేని శాలువా పక్కన అదే గులాబీ ఇంకా మొగ్గగా ఉంది.

విచ్చుకున్న పువ్వు మళ్ళీ మొగ్గ కాదు. చిన్న తరగతి పిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు.

మర్నాడు బడి నుంచి నేరుగా చెల్లెలింటికి వెళ్ళింది. తలుపు చెల్లెలే తీసింది. అక్క ముఖం చూసి లోపలికి తిరిగి, "ఏమండీ, అక్కొచ్చింది" అంది. పిలిచినట్టు లేదు, హెచ్చరించినట్టు ఉంది.

"రండి వదినా! చెప్పాపెట్టకుండా వచ్చేశారే" అంటూ మరిది దీపాల స్టాండు పక్కకి జరిపాడు.

"శాలువా తీసుకెళదామని."

"ఆదివారం నేనే తెస్తానన్నాగా అక్కా. ముందు కూర్చో, మంచినీళ్ళు తాగు."

"ఇప్పుడివ్వు."

చెల్లెలు కదల్లేదు. "వీడియో చూశావా?"

"చూశాను."

"పోతుందనుకున్నానక్కా. ఒట్టు. నువ్వు చూసింది నూలు మీద కదా, ఉన్ని మీదైతే పోతుందనుకున్నా."

తను తన వంటింట్లో చెల్లెలి తరఫున చెప్పుకున్న సాకు అదే. అది ఆ నోట విని అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పోతుందనుకున్నదానివి, శాలువా శుభ్రంగా ఉన్నప్పుడే వీడియో చివరి ముక్క ఎందుకు తీసిపెట్టుకున్నావు?"

చెల్లెలు భర్త వైపు చూసింది.

"గ్లాసులో గులాబీ ఉంది. సిరా పోసినప్పుడు రాలిపోతోంది, మరక పోయాక మళ్ళీ మొగ్గయింది" అంది అక్క.

"అది మా పని పద్ధతి వదినా" అన్నాడు మరిది మెల్లగా. "శుభ్రంగా ఉన్నది ముందు తీసేసుకుంటాం. రేపు తేడా వస్తే చేతిలో ఒక ముక్క ఉంటుందని. ఈ పనిలో అందరూ అంతే."

"అన్నిటికీనా?"

ఆయన దీపాల స్టాండు మడవడం మొదలుపెట్టాడు.

"నువ్వు అవునన్నవాటికి అక్కర్లేదుగా" అంది చెల్లెలు. "కాదన్నవాటికే. నువ్వు సగానికి సగం కాదనేదానివి అక్కా. అవన్నీ పారేసుకుంటే వారంవారం ఏం చూపించమంటావు? ఉత్త నీళ్ళు చూపించనా?"

"నా పేరు తీసెయ్యాల్సింది."

"నీ పేరుంటేనే నమ్ముతారు."

ఆ మాట అన్నాక దాని బరువు తెలిసినట్టు చెల్లెలు చేత్తో నోరు మూసుకుంది. అక్క బల్ల వైపు చూసింది. ఎన్ని ఆదివారాలు తను కాదంటే అవతల ఆ నవ్వు వినబడింది? చీమల మాట చెప్పినప్పుడు నవ్విన నవ్వు. తను చెప్పిన ప్రతి 'కాదు'నీ సరదాగా విని, ఫోన్ పెట్టేసి, అవునని చెప్పేశారు. పోనీ, బూట్లు పోనీ, మాస్టారి చొక్కా పోనీ.

"దానికి అమ్మదే కావాల్సి వచ్చిందా?"

"నాకూ అమ్మే కదా అక్కా."

"అందుకే కదా ముందు నీకిచ్చింది."

చెల్లెలు లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత తియ్యలేదు. అక్కే తీసింది. మడత పైకే కనబడింది మరక. లేత నీలంగా వెలిసి, అంచులు చెదిరి, శాలువాలో సగం దూరం పాకింది. ఉన్ని గట్టిపడి ముడుచుకుంది. అమ్మ రఫ్ఫు ఒక పక్కకి లాక్కుపోయింది. ఆమె దాన్ని ముఖానికి ఆనించుకుంది. బట్టల సబ్బు, వెనిగరు, ఎండ. ఇంకా లోపలి మడత విప్పి చూసింది. అక్కడా అంతే.

"వేడినీళ్ళలో వేశావా?"

"అన్నీ చేశా. పోతుందేమోనని ఉతికిందే ఉతికా. నీకు తెలిసేలోపల..." చెల్లెలు ఏడుపు ఆపుకోలేకపోయింది. "వాసన కూడా పోతోందని నాకు తెలుస్తూనే ఉందక్కా. అయినా ఆపలేకపోయా."

మామూలుగా అయితే ఆ ఏడుపు వినబడగానే అక్క లేచి దగ్గరికి తీసుకునేది. చిన్నప్పటినుంచీ అదే అలవాటు. ఆ రోజు కూడా చెయ్యి కొంచెం కదిలింది. ఆ చేత్తో శాలువా విదిలించి, భుజాల చుట్టూ కప్పుకుని లేచింది.

"కప్పుకోవద్దని నువ్వే అన్నావుగా" అంది చెల్లెలు అయోమయంగా.

"ఇంక దాచడానికి ఏముంది? బయట చలిగా ఉంది."

గుమ్మం దాకా ముగ్గురూ వచ్చారు. వెనకనుంచి చెల్లెలు, "వీపు మీద సిరా కనబడుతోందక్కా. తిప్పి కప్పుకో" అంది.

"కనబడనీ."

"ఆ వీడియో ఈ రాత్రికే తీసేయిస్తా. ఆదివారం ఫోన్ చేస్తావా?"

అక్క చెప్పులు తొడుక్కుంటూ ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఆమెకి అలవాటు లేదు, చేస్తానని అనలేకపోయింది. అడిగినదానికి జవాబు బాకీ ఉంచడమూ అలవాటు లేదు.

"సీసా మూతకి రబ్బరు బ్యాండు సంగతి అడిగావు కదా పోయినవారం. చూశాను. బ్యాండు చుడితే మూత తేలిగ్గా తిరుగుతోంది. ఉత్త చేత్తో రాలేదు. అది నిజమే, చెప్పుకో."

చెల్లెలు కళ్ళు తుడుచుకుని, నమ్మలేనట్టు ఆమె వైపు ఒక అడుగు వేసింది.

"నేను చెప్పానని మాత్రం చెప్పకు" అంది అక్క, మెట్లు దిగుతూ.