రవికగుడ్డలో పోయిన పుస్తకం

నీరజ దగ్గర రవికలు కుట్టించుకుంటే ఆడపిల్లలకు బుద్ధి తిరిగిపోతుందని పక్కింటి శ్యామలమ్మ అందట. పాలకేంద్రం దగ్గర ఆ మాట విన్న సిద్ధమ్మ నేరుగా మా షాపుకు మోసుకొచ్చింది. తన రవికలన్నీ ఇన్నేళ్ళుగా మేమే కుడుతున్నామనీ, తనకేమీ తిరగలేదనీ నవ్వి, హుక్కులు ఊడిన రవిక బల్లమీద పడేసింది. అంతటితో పోలేదు. వీధివైపు ఒకసారి చూసి, మిషను మీదికి వంగింది.

"ఆ బుక్కుకు రెండో భాగం ఏమన్నా ఉండాదా అమ్మీ?"

నీరజ కత్తెర ఆగింది. కాజా కుడుతున్న నేను సూది వేలికి గుచ్చుకున్నాను. ఏ బుక్కు అని అడగాల్సిన పని లేదు. అది పోయిందని మేమిద్దరం శ్రావణమాసమంతా కుమిలిపోతూనే ఉన్నాం.

ఆ పుస్తకం కౌసల్య ఇచ్చింది. మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు మా ముగ్గురిదీ ఒకే హాస్టలు గది. వారపత్రికల సీరియళ్ళు పేజీలు చింపుకుని మరీ చదివేవాళ్ళం. వాటిలో ఒకరినొకరు ఇష్టపడిన ఇద్దరు ఆడవాళ్ళు ఎప్పుడన్నా కనపడితే, చివరి వారానికల్లా ఒకతె బావిలో పడేది, ఇంకొకతెకు పెళ్ళి చేసేవారు. ఇప్పుడు కుప్పంలో లెక్చరరైన కౌసల్య, రెండువేల మూడులో బెంగళూరు పుస్తకాల ఎగ్జిబిషన్లో ఈ సంకలనాన్ని చూసి, బస్సెక్కి పుంగనూరులో మా షాపుకు తెచ్చిచ్చింది. అన్నీ అట్లాంటి ఆడవాళ్ళ కథలే, ఎక్కడెక్కడివో తెలుగులోకి తెచ్చినవి. మొదటి పేజీలో, "నీరజకు, కుమారికి. చదివి ఇంకొకరికి ఇవ్వండి" అని రాసింది.

అందులో ఎవరూ బావిలో పడలేదు. ఒక కథలో ఇద్దరు ముసలామెలు చింతపండు కొడుతూ, గింజలు సరిగా తీయలేదని ఒకరినొకరు తిట్టుకుంటారు. చివరిదాకా అంతే. నీరజ మిషను ఆపేసి ఆ కథ నాకు పైకి చదివి వినిపించింది. అయిపోయాక పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. "బతికినారు సూడు" అంది.

మా తరువాత ఆ పుస్తకం శ్వేతకు పోవాల్సింది. అంగళ్లులో ఇంజనీరింగు చదివే పిల్ల, శ్యామలమ్మకు అన్నకూతురు. సెలవులకు వచ్చినప్పుడు మా షాపులో కూర్చుని కనపడిందల్లా చదివేది. మనలాంటోళ్ళ కథలు యాడన్నా ఉండాయా అక్కా అని ఒకసారి అడిగింది. ఆ 'మనలాంటోళ్ళ' అనేమాట అనడానికి ఆ పిల్ల ఎంత గుండె చిక్కబట్టుకుందో నాకు తెలుసు. మదనపల్లెలో వాళ్ళింట్లో దాని పేరున ఏమొచ్చినా నాయన విప్పి చూస్తాడు. అందుకని నీరజ పుస్తకాన్ని పచ్చ రవికగుడ్డలో మడిచి, పసుపు కుంకుమ పొట్లం పెట్టి, శ్వేతకు వాయనమని శ్యామలమ్మ చేతికిచ్చింది. మేనత్త తెచ్చిన వాయనం ఎవరూ విప్పరు.

శ్యామలమ్మ కూడా విప్పలేదు. అదే కొంప ముంచింది.

మా ఊళ్ళో పేరంటానికి ఇచ్చే రవికగుడ్డను ఎవరూ కుట్టించుకోరు. బీరువాలో పెడతారు, వచ్చే శుక్రవారం ఇంకొకరికి ఇస్తారు. వాళ్ళు మరొకరికి. కుట్టేవాళ్ళం కాబట్టి మాకు బాగా తెలుసు, నీరజ ఇచ్చిన గుడ్డే తిరిగి తిరిగి నీరజ ఒడిలోకే వచ్చిన సంవత్సరాలున్నాయి. శ్యామలమ్మ మా మడత తన బీరువాలో పెట్టి, శ్వేతకు చేతికందిన ఎర్రగుడ్డ ఇచ్చొచ్చింది. పచ్చది పేరంటానికి పోయింది. ఎర్రగుడ్డే అందిందని శ్వేత చెప్పేసరికి చేయి దాటిపోయింది.

అక్కడినుంచి అది ఎన్నిళ్ళు తిరిగిందో మాకు తెలియదు. విప్పినవాళ్ళు ఉన్నారు, చదివినవాళ్ళు ఉన్నారు. అరిచినవాళ్ళు మాత్రం లేరు. చదివి, మళ్ళీ మడిచి, బొట్టుపెట్టి ఇంకొకరికి ఇచ్చారు. అట్లా సిద్ధమ్మదాకా వచ్చింది. ఆమె ఎవరికిచ్చిందో అడిగితే, "రాజేశ్వరమ్మకు" అంది, కొంచెం తల గోక్కుని. "ఆయమ్మ చదవదులే అనుకుంటిని. సాయంత్రం మిమ్మల్ని పిలుస్తాది. అది చెప్దామనే వచ్చినా."

రాజేశ్వరమ్మ మా షాపు గది యజమాని. వెనక మేముండే గది కూడా ఆమెదే. అద్దెకు అడిగినప్పుడు, నీరజ మా పెద్దమ్మ కూతురని చెప్పింది నేనే. సదుం దగ్గర మేకలు మేపే ఇంట్లో పుట్టి, పరాయి చేలో పడ్డ మేక మాది కాదని చెప్తూ పెరిగినదాన్ని, అబద్ధమైనా తడబడకుండా చెప్తాను.

సాయంత్రం పోయేసరికి వరండాలో వీధి ఆడవాళ్ళంతా గుగ్గిళ్ళు తింటూ కూర్చున్నారు. పుస్తకం పాత పేపరు మీద ఉంది. పక్కన పట్టకారు. దాంతోనే పట్టి బయటికి తెచ్చిందట.

నేను చేత్తో తీసుకున్నాను. పచ్చగుడ్డ లేదు, ఎవరిదో నీలంగుడ్డ చుట్టి ఉంది. లోపల పేజీల నిండా పసుపువేళ్ళ ముద్రలు, అప్పడాల నూనె. చింతపండు కథ దగ్గర మల్లెపువ్వు ఒకటి వాడి అతుక్కుపోయింది. పక్కన కాటుక పెన్సిలుతో ఎవరో రాశారు: 'ఇది తప్పకుండా చదవండి.' దానికింద ఇంకెవరిదో చేతిరాత: 'ఔను.' తలెత్తి చూశాను. అందరూ గుగ్గిళ్ళలోకే చూస్తున్నారు. శ్యామలమ్మ కొంగు సర్దుకుంటోంది. ఎవరి అక్షరాలో తెలుసుకోవాలనిపించలేదు. పుస్తకం మూసేశాను.

రాజేశ్వరమ్మ నిజానికి చెడ్డమనిషి కాదు. గట్టిగా కూడా మాట్లాడలేదు. పుస్తకాన్ని తన కళ్ళముందు నీళ్ళపొయ్యిలో పెట్టేస్తే ఈ మాట ఇక్కడితో సరి, గది మీదే అంది. లేదంటే రేపు మిషను బయట ఉంటుందంది.

"అది శ్వేతకు పోవాల్సిన బుక్కు, కాల్చేది లేదమ్మా" అంది నీరజ. శ్యామలమ్మ గతుక్కుమంది. మొదటిసారి మా మొహాలవైపు చూసింది.

మిషను నీరజది. ఇంటరు నుంచీ తొక్కి తొక్కి సంపాదించుకున్న గిరాకీ నీరజది. పోయేవి ఆమెవి, ఆమె తన మాట చెప్పేసింది. రాజేశ్వరమ్మ ఇక నావైపు తిరిగింది.

"నువ్వన్నా చెప్పు కుమారీ. అక్కచెల్లెళ్ళమనే గదా నా ఇంట్లోకొస్తిరి. ఆ ఒక్కమాట ఇంతమంది ముందర ఇంకోసారి అను. బుక్కు సంగతి నేను మర్చిపోతా."

పుస్తకాన్ని నీలంగుడ్డలో మళ్ళీ మడిచి చంకలో పెట్టుకున్నాను.

"అక్కచెల్లెళ్ళం కాదమ్మా. ఈ కథల్లో వాళ్ళు ఎట్లుండారో మేమూ అట్లే ఉండాము, ఇది అచ్చు కాకముందునుంచీ."