రంపం పళ్ళ అల

ఫ్రాన్సిస్ రోజూ పొద్దున్నే టీ తాగి, సింథసైజర్ మీది దుప్పటి తీసేవాడు. ఒక గ్రీకు ఓడ వంటవాడు వదిలిపోయిన కరెంటు వాయిద్యం అది. సోల్జర్‌పేటలో అప్పటికి కుళాయి దగ్గర బిందెల తగువు, రాస్ హిల్ మీద చర్చి గంట. ఆ సందడిలోనే ఒక మర తిప్పేవాడు. మర చుట్టూ నాలుగు బొమ్మలు: గుండ్రటి కెరటం, గుడారం, పెట్టె, రంపం పళ్ళు. ఏ బొమ్మ దగ్గర ఆపితే ఆ గొంతుతో అడుగు స్వరం, బేస్, పలికేది.

గుండ్రటి కెరటానికి ఏమీ జరిగేది కాదు. గుడారానికి చేపల తెప్పలు ఒడ్డుకు తిరిగేవి. పెట్టెకి, బయట లంగరేసిన ఓడలు కూత వేసేవి. రంపం పళ్ళకి ఆ ఓడలే లంగరెత్తుకుని, ఎవరూ నడపకుండా రేవులోకి వచ్చి జెట్టీకి ఆనుకునేవి. మంచు పట్టిన రోజుల్లో, ఓడల్ని రేవులోకి లాగే టగ్గు పడవలవాళ్ళే కబురు పెట్టేవారు, కాస్త రంపం వెయ్యమని. వాళ్ళమ్మ రత్నమణి మాత్రం, "ఇడ్లీ సల్లారిపోతంది, ఓడల్ని తరవాత పిలుద్దువు" అని కసిరేది.

ఎనభై నాలుగులో రేవు సమ్మె వచ్చింది. మూటలు మోసే చేతులూ, టగ్గులు తోలే చేతులూ ఒక్కటై ముడుచుకున్నాయి. శ్రమ ఆగితే లోకం ఆగుతుందని గోడల నిండా ఎర్ర అక్షరాలు. నినాదాలు అంత నిజమయ్యే రోజులు అరుదుగా వస్తాయి. డాల్ఫిన్ నోస్ కొండ అవతల ఓడలు వరసగా నిలబడిపోతే కాంట్రాక్టర్లు మెట్టు తరవాత మెట్టు దిగొస్తున్నారు. దోపిడీకి నేల మీదే బలం. నీళ్ళ మీద నిలబెడితే దాని కాళ్ళూ వణుకుతాయి.

శనివారం అబ్దుల్ హమీద్ వచ్చాడు. ఫ్రాన్సిస్‌తో గోళీలాడిన స్నేహితుడు, రేవులో కూలీ, సంఘంలో ముందు నిలిచే మనిషి.

"రేపు బీచ్ రోడ్డు హోటల్లో డిస్కోకి వాయిత్తన్నావంట గదా బావా. ఏ బొమ్మ ఎడతావు?"

"గుండ్రటిదే."

"ఒట్టెయ్. ఇంకో వారం ఓడలు బయటుంటే సాలు, సంతకం ఎట్టేత్తారు. లోనికొచ్చాయా, బయటి కూలీల్ని తెచ్చి సరుకు దింపించేసుకుంటారు. రేవులో పనికెళ్ళే మా గేటు పాసులు గంగలో కలిసినట్టే."

"ఒట్టేటి? నాది ప్రజల పక్షం!" అన్నాడు ఫ్రాన్సిస్. ఆ మాట గోడ మీద చదివిందే.

హమీద్ నవ్వాడు. "పచ్చం సంగతి సరే. డాన్సు సూత్తే నీ సెయ్యి నీ మాటినదు."

ఆదివారం మధ్యాహ్నం హోటల్ హాల్లో ఫ్రాన్సిస్ గుండ్రటి అలే పెట్టాడు. ఆ పాత స్పీకర్లలో అది దిండును గుద్దినట్టుంది. కుర్రకారు కూల్‌డ్రింకులు పట్టుకుని గోడలకి చేరబడ్డారు.

"ఏటి గురూ, పులుసులో ముక్కే లేదు!" అన్నాడు డ్రమ్ములు వాయించే జోజి.

ఫ్రాన్సిస్‌కి ఉపాయం తట్టింది. రంపం పళ్ళు పెట్టి, ఫిల్టరు మర దాదాపు మూసేశాడు. పైపదును కోసేస్తే రంపం కూడా గుండ్రంగానే వినబడుతుంది, ఓడలకేం తెలుస్తుంది? పోరాటానికి అడ్డదారి కనిపెట్టే తెలివైనవాళ్ళందరి లెక్కా ఇలాగే ఉంటుంది.

మొదట లెక్క నిలిచింది. జనం కదిలారు, ఓడలు కదల్లేదు. "ఇంకా! ఇంకా!" అని అరిచారు. అతని వేళ్ళు ఫిల్టరును వెంట్రుకవాసి తెరిచాయి. ఇంకో వెంట్రుకవాసి. బేస్‌కి పళ్ళు మొలిచాయి, కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి, అమ్మాయిలు చెప్పులు విడిచేసి ఆడారు. ఆ కిటికీలోంచి అతనికి సముద్రం కనిపిస్తూనే ఉంది. మొదటి ఓడ ముక్కు తిప్పడం చూశాడు. ఈ పాటయ్యాక మూసేద్దాం అనుకున్నాడు.

పాటయ్యేసరికి రేవు నిండిపోయింది.

సాయంత్రానికి లారీల్లో బయటి కూలీలు దిగారు. కొన్నాళ్ళకి సమ్మె విరిగింది. తలలు వంచినవాళ్ళని పనిలోకి పిలిచారు. హమీద్‌ని పిలవలేదు.

వానాకాలంలో ఫ్రాన్సిస్ పెందుర్తి వెళ్ళాడు, తిట్లు తిందామనే. అక్కడ హమీద్ సైకిళ్ళకి పంక్చర్లు వేస్తున్నాడు. స్టూలు తుడిచి కూర్చోమన్నాడు.

"నాను మొదట మూసే ఉంచాను బావా, ఆ ఫిల్టరు..."

"తెల్సు." హమీద్ ట్యూబును నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. "రేవు గేటుకాడికి ఇనిపించింది. ఎంత బాగా వాయించేవు! జెండాలట్టుకునే అందరం కాళ్ళాడించేసేం. నాను కూడా. ఎనకాల ఓడలొస్తన్నాయని తిరిగి సూసినోడే లేడు."