నింపాదిగా వెళ్ళే తూటా

పొద్దున్న తొమ్మిదింటికి నోలా మొక్కజొన్న రొట్టె పొయ్యిలో పెట్టి, జ్వరంతో బడి మానేసిన కూతురు టెస్‌కి జడ వేస్తోంది. భర్త వేడ్ కలప మిల్లుకి పోయాడు. మంచి తుపాకీ అతని ట్రక్కులోనే ఉండిపోయింది. ఇంట్లో మిగిలింది మామగారు ఆర్లిస్ పాత తుపాకీ ఒక్కటే.

దాని సంగతి మిస్సోరీలో ఆ కొండలన్నిటికీ తెలుసు. పేలితే చెవులు చిల్లులు పడాల్సిందే, తూటా మాత్రం సంతకెళ్ళే ముసలమ్మలా నింపాదిగా పోతుంది. దాంతో వేటకెళ్తే జింక చూసి చూసి విసుగొచ్చి వెళ్ళిపోయేది. అలాగని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. అడ్డొచ్చిన దేన్నయినా తొలుచుకునే పోతుంది. చేత్తో ఆపబోయిన ఆర్లిస్ తమ్ముడికి రెండు వేళ్ళు పోయాయి.

వంటింటి తలుపు అద్దం భళ్ళుమంది.

కిందటి వారమే పక్కింట్లో దొంగలు పడ్డారు. వేడ్ తాళాలన్నీ మార్చాడు కూడా. నోలా టెస్‌ని స్నానాలగదిలోకి తోసి, "గడియ పెట్టుకో. నేను పిలిస్తే తప్ప రాకు" అంది. ఆ పాత తుపాకీ అందుకుని, నడవలో ఆ గదికి అడ్డంగా నిలబడింది.

"వెళ్ళిపో! నా చేతిలో తుపాకీ ఉంది!"

"నా ఇంట్లోంచి నన్ను పొమ్మనడానికి నువ్వెవతివే?" అంది ఓ బొంగురు గొంతు.

తలుపు తెరుచుకుంది. వెనక ఎండ కొడుతుంటే ముఖం తెలియలేదు. టోపీ, చేతిలో ఇనప కడ్డీ, అంతే. నోలా మీట నొక్కేసింది.

గుమ్మంలో మనిషి టోపీ పైకెత్తాడు. ఆర్లిస్. మతిమరుపు ముదిరి, నాలుగు మైళ్ళ అవతల వృద్ధాశ్రమంలో ఉండాల్సిన మామగారు. పాత తాళంచెవి పట్టక అద్దం పగలగొట్టాడు.

నోలా చేసిన పని ఆమె కళ్ళెదుటే గాలిలో తేలుతూ ఆయన రొమ్ము వైపు పోతోంది. తుపాకీ పడేసి, గోడకి ఆనుకుంటూ తూటాని దాటి పరిగెత్తింది.

"మామయ్యా, జరగండి! తూటా వస్తోంది!"

"దొంగదానా! నా ఇంట్లో దూరి నన్నే గదమాయిస్తావా? జరగను."

కడ్డీ వదిలేసి రెండు చేతులా ద్వారబంధం పట్టుకున్నాడు. నోలా లాగింది, నెట్టింది, ఏడ్చింది. దుంగలు మోసిన ఒళ్ళు, అంగుళం కదల్లేదు. వెనక తూటా తుమ్మెదలా రొద చేస్తూ రెండు బారల దూరానికి వచ్చేసింది.

నోలా చేతులు తీసేసింది. జుట్టు సర్దుకుంది.

"కాస్త దారి ఇస్తారా అండీ? బయటికెళ్ళాలి."

ఆడమనిషి గుమ్మం దాటుతానంటే మగాడు అడ్డం నిలబడడం ఆ కొండల్లో లేదు. ఆర్లిస్ చటుక్కున టోపీ తీసి, పక్కకి ఒదిగి, తలుపు పట్టుకున్నాడు. "వెళ్ళమ్మా. మెట్టు చూసుకో."

నోలా బయటికి దూకి పక్కకి పడింది. ఆమె వెనకే తూటా గుమ్మం దాటింది. అది కూడా వెళ్ళేదాకా ఆర్లిస్ తలుపు వదల్లేదు. తాడు మీద ఆరేసిన వేడ్ చొక్కాకి రొమ్ము దగ్గర చిల్లు పెట్టి, అది కొండవైపు సాగిపోయింది.

నోలా మెట్టు మీద కూలబడింది. ఆర్లిస్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎవరమ్మా కాల్చింది?"

"నేనే."

"ఇంట్లో పిల్లలున్నారా?"

"పాప ఉంది."

"అయితే తప్పులేదులే" అన్నాడు ఆమె వీపు నిమురుతూ. "ఇంతకీ తగిలిందా వాడికి?"

నోలా ఆయన రొమ్ము మీద చొక్కా తడిమి చూసింది. "లేదు" అంది.