అమ్మకం దస్తావేజులో ఆమె పేరు

“ఎలాగూ ఖాళీయే కదా కాత్యా, ఇది కాస్త నీట్‌గా టైప్ చేసి పెట్టు” అన్నాడు నరసింహ, ఫోన్ ఆమె మొహం ముందు పెట్టి.

ఆ ఖాళీ మనిషి కుడిచెయ్యి అప్పుడు మోచేతి దాకా ఇడ్లీపిండిలో ఉంది. ఒక పొయ్యి మీద సాంబారు, ఇంకో పొయ్యి మీద పాలు, పక్క గదిలో వాషింగ్ మెషిన్ మూడో విడత తిరుగుతోంది. సోమవారం నుంచి గురువారం దాకా వెస్ట్‌మీడ్‌లో ఓ కంటి క్లినిక్‌లో రిసెప్షన్ చూసుకుంటుంది కాత్యాయని. శని, ఆదివారాలు ఈ ఇంటికి. ఖాళీ అన్న మాట ఇంట్లో అందరికీ ఇంత సులువుగా ఎలా వస్తుందో ఆమెకి పదిహేడేళ్ళ కాపురంలో అర్థం కాలేదు. అయినా పిండి చెయ్యి కడుక్కుని ఫోన్ అందుకుంది, అలవాటు అలాంటిది.

అది వంశవృక్షం. కాకినాడ నుంచి శేషాచలం బాబాయ్ గారు, అంటే నరసింహ పినతండ్రి, తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గీసి ఫోటో తీసి పంపించారు. జూన్ లాంగ్ వీకెండ్‌కి అన్నదమ్ముల పిల్లలంతా ద పాండ్స్ అనే పేటలో ఉన్న వీళ్ళింట్లోనే కలుస్తున్నారు. దూరాన ఉన్న క్రాన్‌బర్న్ నుంచి కూడా రెండు కుటుంబాలు వస్తున్నాయి. హాల్లో గోడంత బోర్డు కట్టించాలని నరసింహ సరదా. ఏడు తరాలు, నలభై ఒక్క పేర్లు. కాత్యాయని పైనుంచి కిందకి చదివింది, మళ్ళీ కిందనుంచి పైకి చదివింది. ఒక్క ఆడ పేరు లేదు. ఈ నలభై ఒక్క మందీ ఒకళ్ళ భుజం మీంచి ఒకళ్ళు ఊడిపడినట్టున్నారు.

కూతురు, పదిహేనేళ్ళ అపూర్వ, తల్లి భుజం మీదుగా తొంగి చూసింది. దానికి తెలుగు చదవడం రాదు గానీ గీతలు లెక్కపెట్టడం వచ్చు. నాన్న పేరెక్కడో అడిగింది, చూపించారు. నాన్న కింద ఏమీ లేదు.

“వేర్ యామ్ ఐ?”

“నువ్వుండవురా బంగారం” అన్నాడు నరసింహ నవ్వుతూ. “ఆడపిల్లలు పెళ్ళయ్యాక వేరే ఇంటి మనుషులైపోతారు. కోడళ్ళు వేరే ఇంటి నుంచి వచ్చినవాళ్ళు. ఇంక మిమ్మల్నెక్కడ వేస్తాం చెప్పు?”

“బట్ ఐ లివ్ హియర్!” అంది అపూర్వ.

సాంబారు పొంగింది. కాత్యాయని అటు పరుగెత్తింది గానీ, ఆ మాట మాత్రం ఆమెతో పాటే వంటగదిలోకి వచ్చి కూర్చుంది. కూతుళ్ళు ఇక్కడివాళ్ళు కారు, కోడళ్ళు ఇక్కడివాళ్ళు కారు. మరి ఈ ఇంట్లో వండుతున్నదెవరు? అలాంటివి పైకి అనడం ఆమె ఎప్పుడో మానేసింది. అంటే, “నీకు ప్రతిదీ పెద్ద ఇష్యూయే” అంటాడు. అనకపోతే కనీసం సాంబారైనా మాడకుండా ఉంటుంది.

ఆమె శుక్రవారాల సంగతి చెప్పలేదు కదూ. శుక్రవారాలు మార్జరీవి. మార్జరీ ఎనభై ఒక్క ఏళ్ళ రిటైర్డ్ నర్సు, సెవెన్ హిల్స్‌లో ఒంటరిగా ఉంటుంది, క్లినిక్‌కి వచ్చే పేషెంటు. చూపు మధ్యలో మసక కమ్మేసి, అంచులు మాత్రం మిగిలాయి. ఆవిడ పూర్వీకులు బంగారం తవ్వకాల కాలంలో అమెరికా నుంచి ఇటు, ఈ దేశానికి వచ్చారట. వాళ్ళ మూలం వెతుక్కుంటూ ఆవిడ మూడువందల డెబ్భై ఏళ్ళు వెనక్కి, అమెరికా ఇంకా ఇంగ్లండు చేతిలో ఉన్న రోజుల్లోకి, మాసచూసెట్స్‌లో జోసయా వెల్డన్ అనే తొలి వలసదారు దాకా వెళ్ళింది. అక్కడ ముప్ఫై ఏళ్ళుగా ఆగిపోయింది. జోసయాకి ఎన్ని ఆవులో తెలుసు, ఎన్ని ఎకరాలో తెలుసు. తొమ్మిదిమంది పిల్లల్ని కన్న అతని భార్య పేరు తెలీదు. చర్చి పుస్తకంలో “జోసయా భార్య”, చావు పద్దులో కూడా “జోసయా భార్య”. అతని వీలునామాలో ఆమెకి తూర్పు గది, ఒక ఆవు, రొట్టెలు కాల్చుకోడానికి పొయ్యి వాడుకునే హక్కు, నూతి దాకా నడిచి వెళ్ళే హక్కు రాశాడు. పేరు మాత్రం రాయలేదు.

“కళ్ళు పూర్తిగా పోయేలోపు ఆమెని ఒక్కసారి పేరు పెట్టి పిలవాలి కేటీ” అంది మార్జరీ ఓ రోజు రిసెప్షన్ దగ్గర నిలబడి. ఆవిడ నోట కాత్యాయని పేరు కేటీ. ఆ పాతకాలపు చేతిరాత చదివిపెట్టే వాళ్ళు ఎవరూ దొరకడం లేదంది. కాత్యాయని తనకే తెలియకుండా “నేను చదువుతాను” అనేసింది.

ఎందుకంటే ఆమె నాన్న రామచంద్రపురం రిజిస్ట్రారాఫీసు ముందు దస్తావేజు లేఖరి. వేసవి సెలవుల్లో పాత కాగితాలన్నీ ఆమె చేతే చదివించేవాడు. గొలుసుకట్టు రాతలో అక్షరానికి అక్షరం విడదీసి చదవడం ఆమెకి పదకొండేళ్ళకే వచ్చు. పెళ్ళయ్యాక ఆ విద్యతో ఎవరికీ పని పడలేదు. “ఊళ్ళోవాళ్ళ ముత్తాతల కోసం ఫ్రీ సర్వీసా!” అని నరసింహ వేళాకోళం చేశాడు. చేస్తే చేశాడు. శుక్రవారం పొద్దున్న ఆ ముసలామె చేసిచ్చే పల్చటి టీ తాగుతూ, కంప్యూటర్ తెర మీద వంకర అక్షరాల్ని కూడబలుక్కుంటున్నప్పుడు ఆమెకి ప్రాణం లేచొచ్చేది.

ఎనిమిదో శుక్రవారం ఆమెకి నాన్న మాట గుర్తొచ్చింది. “ఆడమనిషి సంతకం లేకపోతే కొన్నవాడికి నిద్ర పట్టదమ్మా. రేపు మొగుడు పోయాక నా హక్కేదని అడుగుతుందేమోనని భయం. బతికినంత కాలం పేరు పట్టించుకోరు గానీ, పొలం అమ్మేరోజున పేరడిగి మరీ వేలిముద్ర తీసుకుంటారు.”

“మార్జరీ, చర్చి పుస్తకాలు వదిలేద్దాం. అతను భూమి ఏమైనా అమ్మాడా?”

అమ్మాడు, ఆరు ఎకరాల పచ్చికబయలు. ఆ నేల అతనికంటే ముందు ఏ ఆదివాసులదో ఆ కాగితంలో లేదు. ఆ సంగతి మార్జరీ తన పుస్తకంలో విడిగా రాసుకుంది. కాగితం అడుగున కొన్నవాడి భయం అచ్చంగా నాన్న చెప్పినట్టే ఉంది. “పై జోసయా భార్య తన హక్కు వదులుకుంటూ చేసిన గుర్తు.” ఒక వంకర గీత, దాని పక్కన గుమాస్తా రాసిన పేరు, మెహిటబెల్.

కాత్యాయని గట్టిగా చదివింది. మార్జరీ కళ్ళజోడు తీసేసి, ఆ పేరుని రెండుసార్లు మెల్లిగా అంది. తర్వాత ఏడ్చింది. ఏడుస్తూనే కాత్యాయని రెండు చేతులూ పట్టుకుని, “థాంక్యూ మై డియర్, థాంక్యూ” అంది. ఎంతసేపో అంటూనే ఉంది. తను చేసిన పనికి ఎవరైనా థాంక్స్ చెప్పి ఎన్నాళ్ళయిందో లెక్క తేలక, ఇంటికొచ్చే దారిలో కాత్యాయని కారు పక్కకి ఆపుకుని కాసేపు కూర్చుంది. అదీ నిన్నటి సంగతి.

అందుకే ఈ శనివారం, వంట ముగిశాక, లాప్‌టాప్ ముందు కూర్చుని భర్తని అడిగింది. “అత్తయ్యగారి పేరైనా మావయ్యగారి పక్కన వెయ్యనా?”

“వెయ్యి, వద్దన్నానా? బ్రాకెట్లో వెయ్యి, చిన్నగా. అందరివీ వేస్తే బోర్డు చాలదు” అని అతను పచ్చిక కొయ్యడానికి వెళ్ళిపోయాడు.

అత్తగారు రత్నకుమారి లాండ్రీ గదిలో బట్టలు మడతపెడుతోంది. మావగారు పోయిన నాలుగేళ్ళ నుంచి ఆవిడ ఆరునెలలు ఇక్కడ, ఆరునెలలు ఊళ్ళో. ఇక్కడ ఆవిడ గది గరాజ్ పక్కది, ఇస్త్రీబల్ల ఉన్నది. ఆవిడంటే కాత్యాయనికి ప్రేమ పొంగిపోతుందని చెప్తే అబద్ధం. “మా వాడు చిక్కిపోయాడు”, “ఉప్పు చూసి వేశావా?” అనే రెండు మాటలతోనే పదిహేడేళ్ళు సంసారం చేసింది ఆవిడతో. అయినా తెర మీద పేరు పెద్దది చేసి చూపించింది.

ఆవిడ తువ్వాలు పక్కన పెట్టి చూసింది. “ఇది నా పేరు కాదుగా.”

కాత్యాయనికి అర్థం కాలేదు.

“మా అత్తగారి పేరూ నా పేరూ ఒకటేనమ్మాయ్. చాముండేశ్వరి. కోడల్ని ‘ఒసే చాముండీ’ అని కేకేస్తే అత్తగార్ని తిట్టినట్టుంటుందని, పెళ్ళి పీటల మీంచి లేవగానే మార్చేశారు. రత్నకుమారన్నారు. సరే అన్నాను. పుట్టింట్లో ఎలాగూ పాపాయనే పిలిచేవారు, అడిగేవాళ్ళెవరు? పాస్‌పోర్టు కూడా ఈ పేరునే కదా.” ఆవిడ తువ్వాలు మళ్ళీ తీసుకుంది. “తర్వాత ఒక్కసారే ఆ పేరు రాశాను. ఈ ఇంటికోసం పొలం అమ్మినప్పుడు.”

“మావయ్యగారి పొలం కదండీ?”

“ఆయనదెక్కడిది! మా అమ్మ నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం ముప్ఫై సెంట్లు. పాత కాగితాల్లో పేరు చాముండేశ్వరి. రిజిస్ట్రారాఫీసులో, నువ్వేనా ఆవిడవి అని నాలుగుసార్లడిగారు. అక్షరాలు కూడబలుక్కుని రాశాను. నలభై ఏళ్ళుగా రాయని పేరాయె.”

పన్నెండేళ్ళుగా “మా నాన్న పొలం అమ్మి కొన్న ఇల్లు” అని వింటోంది కాత్యాయని. ప్రతి గొడవలోనూ, ప్రతి పండక్కీ, వచ్చిన ప్రతి చుట్టం ముందూ. ఆ మాట విన్నప్పుడల్లా తనీ ఇంట్లో అద్దెకున్నట్టు సర్దుకుని నిలబడేది. ఎదురుగా బట్టలు మడతపెడుతున్న ఈ మనిషి ఒక్కసారైనా “అది నాది” అనలేదు.

“అప్పుడే ఒక మాటన్నాను మీ మావగారితో” అంది ఆవిడ, పిల్లదాని స్కూల్ చొక్కా దులుపుతూ. “ఇల్లు మీ ఇద్దరి పేరా ఉంటేనే సంతకం పెడతానన్నాను. వాడొక్కడి పేర పెట్టేట్టయితే కలం ముట్టనన్నాను. ఫోన్లో వాడితో పెద్ద గొడవయింది. నీకు తెలీదా?”

తెలీదు. “బ్యాంకువాళ్ళు ఇద్దరి పేర్లూ అడిగారు” అని చెప్పాడు నరసింహ, కాగితాలు ఆమె ముందు పెట్టిన రోజున. బ్యాంకు మంచి బ్యాంకనుకుంది అప్పుడు.

“ఎందుకలా అన్నారత్తయ్యగారూ? అప్పటికి నేనంటే మీకంత…”

“ఇప్పుడూ అంతంత మాత్రమేలే. నీ చారు నాకు ఎక్కదు” అంది ఆవిడ. “మా అత్తగారింట్లో నాకు పేరే లేకుండా పోయింది. ఇంకో ఆడపిల్లకి అది నా చేతుల మీదుగా జరక్కూడదనుకున్నాను. అంతే.”

కాత్యాయని ఆవిడ చేతిలో చొక్కా తీసి పక్కన పెట్టి, ఆ రెండు చేతులూ పట్టుకుంది. నిన్న మార్జరీ ఇంగ్లీషులో అన్నది తెలుగులో అంటే నాటకంలా ఉంటుంది. కాళ్ళకి దణ్ణం పెడితే ఆవిడే నవ్వుతుంది. చివరికి “మీరు లేకపోతే నాకీ ఇల్లు లేదత్తయ్యగారూ” అంది. పెళ్ళైన నాటి నుంచి ఆవిడతో అన్న మాటల్లో కల్పన లేని మాట అదొక్కటే. అత్తగారు చేతులు విడిపించుకోలేదు.

తర్వాత కాత్యాయని లాప్‌టాప్‌లో చేసిందంతా చెరిపేసి, మొదటినుంచీ మొదలుపెట్టింది. ఫోన్లు చేసింది. “ఇంత శ్రమ ఎందుకమ్మా” అంటూనే శేషాచలం బాబాయ్ గారు కొందరి పేర్లు చెప్పారు, పిన్నిగారు వెనకనుంచి అందిస్తుంటే. ఏ తరంలో ఎవరు ఎవర్ని కన్నారో, పుట్టింటి పేర్లతో సహా రాసింది. దొరకని చోట ఖాళీ గడి గీసి వదిలింది, పక్కన మనిషి ఉందని తెలిసేటట్టు. నరసింహ కింద అపూర్వ. ఎక్కడా బ్రాకెట్లు లేవు. బోర్డు సరిపోయింది.

సాయంత్రం అందరూ హాల్లో టీ తాగుతుండగా, ప్రింటుకి పంపే ముందు ఒకసారి చూడమని నరసింహకి చూపించింది. ఇన్ని పేర్లేమిటని అతని మొహం కాస్త మారింది గానీ, బాబాయే చెప్పారని తెలిసి ఊరుకున్నాడు. వేలితో ఒక్కొక్క వరసా దిగాడు. ఐదో తరం దాటి ఆరో తరం దగ్గర వేలు ఆగింది.

“ఇదిగో, ఇందుకే చెప్తాను జాగ్రత్తగా టైప్ చెయ్యమని. నానమ్మ పేరు రెండుసార్లు పడింది. నాన్న పక్కన కూడా చాముండేశ్వరనే ఉంది. తప్పు, దిద్దు.”

సోఫాలో కూర్చున్న అత్తగారు కప్పు బల్లమీద పెట్టింది.

“తప్పు కాదురా. అది నేను.”