రైల్వే గేటు పక్క బ్యాంకులో నాగదుర్గ

బ్యాంకు కంప్యూటర్‌లో నా పేరు కింద ఉన్న మొహం నాది కాదు.

చీర మాత్రం నాదే. మామిడి పిందెల అంచున్న ఆకుపచ్చ చీర. అది కట్టుకుని చిన్నగా నవ్వుతున్నది మా ఆయన అక్క, సూర్యకళ వదిన.

"మీకు ఇక్కడ ఆల్రెడీ అకౌంట్ ఉందండి. ఆరేళ్లయింది," అంది కౌంటర్‌లోని ప్రిస్కిల్లా. తెరను, నన్ను మార్చి మార్చి చూసింది. "నాగదుర్గ గారంటే మీరేనా అండి?"

"ఇంట్లో కనుక్కుని వస్తాను," అన్నాను.

నిడదవోలులో ఈ చిన్న సహకార బ్యాంకు నేను సొంతంగా కనిపెట్టుకున్నది. గేటు పడి ఆటో ఆగినప్పుడు బోర్డు చూశాను. చీరలకు ఫాల్స్ కుట్టిన డబ్బులు ఇక్కడ దాచుకుందామనుకున్నాను. "నీకు బ్యాంకెందుకే, నేను లేనా?" అంటారు మా ఆయన గణేష్‌బాబు. అందుకే చెప్పకుండా వచ్చాను.

తిరిగొస్తుంటే మళ్లీ గేటు పడింది. గూడ్సు బండి నిద్రలో నడుస్తున్నట్టు కదులుతోంది. పెట్టెల మధ్య సందుల్లోంచి అవతలి రోడ్డు కనిపించి మాయమవుతోంది. అక్కడ ఆకుపచ్చ చీరలో ఒకామె. ఆమే నాగదుర్గ. ఆరేళ్లుగా బ్యాంకులో ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని నవ్వుతున్న మనిషి. ఆమె చేతులకు ఉల్లిపాయ వాసన ఉండదు. కూరలో ఉప్పేదే అని ఆమెను ఎవరూ అడగరు. మరి మా ఇంట్లో ఇన్నాళ్లూ వండిందెవరు? చివరి పెట్టె దాటింది. అవతల ఎవరూ లేరు.

ఇంటికెళ్లి ఆ చీరే కట్టుకున్నాను.

"ఏంటి, ఇంకా పొయ్యి వెలిగించలేదా?" అంటూ వచ్చారు ఆయన.

"బ్యాంకుకి వెళ్లొచ్చాక వెలిగిస్తాను. మీరూ రండి."

"ఏ బ్యాంకు?" అని, చీర చూసి ఆగిపోయారు.

బ్యాంకులో కొత్త ఫొటో కోసం ప్రిస్కిల్లా కెమెరా నా వైపు తిప్పింది. నేను కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకున్నాను. "మరి పాత ఫొటోలో ఉన్నావిడ ఎవరండి?" అని ఆయన్ని అడిగింది. ఆయన నా వంక చూశారు. ఇలాంటప్పుడు ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించేది ఎప్పుడూ నేనే. ఈసారి కెమెరాలోకే చూస్తూ ఉండిపోయాను.

"మా అక్కండి," అన్నారు చివరికి. "ఆడవాళ్ల పేరు మీద డిపాజిట్టుకి వడ్డీ ఎక్కువన్నారు, మనిషి రావాలన్నారు. ఆ రోజు ఇంటినిండా చుట్టాలండి. ఈవిడ చేపల పులుసు పెడుతోంది. లేపితే భోజనాలు లేటవుతాయని, ఈవిడ చీర కట్టించి అక్కని తీసుకొచ్చాను. ఆధార్ ఫొటోలో ఎవరి మొహం తెలుస్తుందండీ? నాగదుర్గ గారూ అని మీవాళ్లు పిలిచారు. అక్క 'ఆయ్' అంది. నాకేం తేడా అనిపించలేదండి."