బావమరిది కట్టెలు

సౌదీలో ఈ హఫర్ అల్ బాతిన్‌లో చలి ఎంత ఉంటుందో ఉన్నదున్నట్టు చెబితే మీరు నమ్మరు కాబట్టి బాగా తగ్గించి చెబుతాను. ఈ జనవరిలో మా తోట కుక్క మొరగడానికి నోరు తెరిచి, లోపలి వేడి పోతుందని మళ్ళీ మూసుకునేది. నా నీడ గది గడప దాటి వచ్చేది కాదు. నేనొక్కణ్ణే పనికి వెళ్ళేవాణ్ణి.

అలాంటి చలిలో మా ముసలి యజమాని, మేమంతా బాబా అని పిలుస్తాం, నన్నూ నాతో పనిచేసే నాగేందర్‌నూ నిలబెట్టి ఒక మాటన్నాడు.

"ఈ చలికాలం ఒకడు మజ్లిస్‌లో పొయ్యి చూసుకుంటాడు. ఇంకొకడు ఎడారిలో ఒంటెల దగ్గరికి పోతాడు. ఈ రోజు నాగేందర్ మంట వెయ్యి. రేపు జానీ, నువ్వు. ఎవరి మంట మంచిదైతే వాడు ఇక్కడ. ఖలాస్."

మజ్లిస్ అంటే అతిథులు కూర్చునే హాలు. తివాచీలు, గోడలో పొయ్యి, పక్కనే కహ్వా అనే అరబ్బు కాఫీ, ఖర్జూరాలు. ఒంటెల దగ్గరంటే చిరుగుల డేరా, ఒంటెలు. అంతే.

నాగేందర్‌ది జగిత్యాల వైపు. నేనంటే అతనికి పడదు. కారణం నాకు తెలియదు. పోయిన నెల పెద్ద ఒంటెకు పుట్టినరోజని నేను చెబితే, మర్యాదగా తినిపించడానికి ఖర్జూరాలు పట్టుకెళ్ళాడు. ఒంటె ఖర్జూరాలతోపాటు అతని చొక్కా చెయ్యి కూడా తినేసింది. అందులో నా తప్పేముంది? దానికి చొక్కా ఇష్టమని నాకేం తెలుసు?

కట్టెలు షెడ్డు వెనక ఉన్నాయి. సామాను కింద పెట్టే చెక్క పాలెట్లు విరిగినవి ఉన్నాయి. వాటికి ఏదో మందు కొడతారు, కాలిస్తే కళ్ళు మండుతాయి. ఖర్జూర మట్టలున్నాయి. భగ్గుమని లేచి, మనం చేతులు చాపేలోపే బూడిదవుతాయి. మూల బస్తాల్లో సమర్ కట్టెలున్నాయి. ఇక్కడి అడవి చెట్టు కొడితే జరిమానా, అందుకని బయటి దేశం నుంచి తెప్పించినవి. ఇవికాక, తోట చుట్టూ గాలికి అడ్డంగా పెంచిన అథల్ చెట్లు ఈమధ్యే నరికించారు. ఆ కొమ్మలు గుట్టగా పడి ఉన్నాయి.

నాగేందర్ సమర్ కట్టె ఒకటి తీసి గోటితో బెరడు గీకాడు. వాసన చూశాడు.

"గిది తుమ్మ జాతే," అన్నాడు. "లోపల చేవ జూడు, ఎట్లెర్రగుందో. పొగ రాదు. నిప్పులు గట్టిగ నిలుస్తయ్."

"పెద్దమనుషులు కూచునే చోట ముళ్ళకంప పెడతావా అన్నా? మీ ఊళ్ళో మర్యాద అట్టా చేస్తారా?"

"నీ మర్యాద నాకు ఎరికె గనీ, నువ్వేం వెడ్తవ్?"

నేను అథల్ కొమ్మ చూపించాను. సూదుల్లాంటి ఆకు, నిటారు కొమ్మ. కావలి దగ్గర సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి, నాకు సరుగుడు తెలియదా? మా ఊళ్ళో పెళ్ళి వంటలన్నీ సరుగుడు కట్టెలతోనే. వానలో తడిసినా మండుతుంది. పచ్చిది పెట్టినా మండుతుంది. మా తాత అయితే కట్టె ఇంకా చెట్టుమీద ఉండగానే దాంతో అన్నం వండేవాడు.

"అది మీ సరుగుడు గాదు, మండదురా పోరడా," అన్నాడు నాగేందర్. "పోయినేడు నేను వెట్టి సూసిన. కంపు గొడ్తది."

"పుట్టినరోజు కక్ష తీర్చుకుంటన్నావా?"

"నిజం జెప్తున్న."

"ఒంటె పుట్టినరోజప్పుడు నేనూ అట్టాగే చెప్పాన్లే."

అతను కోపంగా ఉమ్మేసి సమర్ బస్తా ఎత్తుకుపోయాడు. నేను అథల్ కొమ్మల్ని ముక్కలు కొట్టి ఒక వరసలో పేర్చుకున్నాను.

ఆ సాయంత్రం నాగేందర్ మంట వేశాడు. ఒప్పుకోవడం కష్టమే గానీ, పొగ లేదు. నిప్పులు ఎర్రగా, నిమ్మళంగా కూర్చున్నాయి. అతిథులు మెచ్చుకున్నారు. అందరికన్నా ఎక్కువగా మెచ్చుకున్నది బాబా బావమరిది. ఆయన రెండు రోజులు ఉండి వెళ్తానని చలి మొదలవకముందు వచ్చాడు, వేట డేగతో సహా. ఇంట్లో ఉన్న మాంసమంతా ఆయనా డేగా సమానంగా పంచుకుంటున్నారు.

"ఇంత మంచి మంట వదిలి ఎక్కడికి పోతాను బావా?" అన్నాడు ఆయన కాళ్ళు చాపి. "ఎండాకాలం దాకా ఇక్కడే."

బాబా ముఖం మాడింది. నాగేందర్ మంట నచ్చలేదన్నమాట! నాకు సంతోషంతో ఆకలి వేసింది.

మర్నాడు సాయంత్రం నా వంతు. పొయ్యిలో నా సరుగుడు పెట్టి అంటించాను. ముందు అది కాసేపు ఆలోచించింది. తర్వాత తడి కారింది. తర్వాత పొగ. మజ్లిస్ ఎంత నిండిందంటే, అతిథులు ఒకరి కప్పులో కహ్వా ఇంకొకరు తాగారు. ఇక కంపు సంగతి. ఉప్పుచేపను పాత బూటులో దాచి, ఆ బూటును దుప్పటిలో చుట్టి కాల్చినట్టు.

తలుపు దగ్గర నాగేందర్ ముక్కుకు తువ్వాలు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎట్లుంది మీ పెండ్లి వంట?" అన్నాడు. "ఒంటెలకు నా సలాం జెప్పు. శొక్కాలు జాగ్రత్త బిడ్డా, తింటయ్."

"నీ మొహం కన్నా ఒంటె మొహమే నయంలే!"

డేగ ముందు తుమ్మింది. డేగ తుమ్మడం నేను అప్పుడే చూశాను. తర్వాత బావమరిది దగ్గుతూ లేచి, డేగను చంకన పెట్టుకుని, చెప్పులు తారుమారుగా తొడుక్కుని, బండెక్కి వెళ్ళిపోయాడు. సామాను తర్వాత పంపమని రోడ్డు మీదనుంచి ఫోను చేశాడు.

బాబా కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. పొగకో, ఆనందానికో తెలియలేదు.

"నాగేందర్ ఇక్కడ ఉంటాడు," అన్నాడు. "వీడి మంట మంచిది. నువ్వు ఒంటెల దగ్గరికి."

నాగేందర్ పళ్ళన్నీ కనిపించాయి.

"కానీ," అన్నాడు బాబా గొంతు తగ్గించి, "మా బావమరిది మళ్ళీ వస్తే నీకు బండి పంపిస్తా. ఈ కట్టెలు ఎవర్నీ ముట్టుకోనివ్వకు. ఆయన ఉన్నన్నాళ్ళూ పొయ్యి నీది."

నాగేందర్ పళ్ళు లోపలికి వెళ్ళాయి.

ఇప్పుడు నేను డేరాలో ఉన్నాను. పెద్ద ఒంటె నా రెండో చొక్కా మొదలుపెట్టింది. చలి గురించి చెప్పను. నమాజు తప్పకుండా చేస్తున్నాను, అయిదు పూటలా. ప్రతిసారీ ఆ బావమరిది ఆరోగ్యం కోసమే అడుగుతున్నాను. ఆయనకు మా బాబా గుర్తుకు రావాలనీ, సిగ్గు మాత్రం గుర్తుకు రాకూడదనీ.